విమానంలో ఎంత దూరం, ఎంత సేపు?

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు విమానయాన రంగంలో ఫ్లైట్ డిస్పాచ్ పని, అంటే ప్రతి విమానానికీ దారి, ఇంధనం ముందుగా లెక్కవేసే పని చేసి రిటైరయ్యారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మాత్రం ఆయనవే.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకు వినబడుతుందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతా. హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం? ఆ మూల నుంచి ఎవరో నాలుగు గంటలన్నారు. ఇటు పెద్దాయన మూడున్నర అంటున్నారు. నేనడిగింది దూరం, మీరు చెప్పింది టైము! ఒక్కరు కూడా కిలోమీటర్లు చెప్పలేదు. తప్పు పట్టడం లేదండీ. మనిషికి కావాల్సింది టైమే. కాకపోతే ఫోన్లో వెతికితే ముందు కిలోమీటర్లు వస్తాయి. ఆ కిలోమీటర్లను విమానం స్పీడుతో భాగించి, ఇంత సేపట్లో దిగాలి కదా, మరి టికెట్ మీద ఇంకో అరగంట, ముప్పావు గంట ఎక్కువెందుకు రాశారని అడుగుతారు. నా ఉద్యోగమంతా ఆ ‘ఎక్కువెందుకు’ చుట్టూనే తిరిగింది. ఇవాళ మాట్లాడేది కూడా అదే.

హనుమకొండ నుంచి మేడారం వంద కిలోమీటర్ల చిల్లర. మామూలు రోజుల్లో పొద్దున బయల్దేరితే పదింటికల్లా దర్శనం చేసుకోవచ్చు. జాతరప్పుడు? ఎన్ని గంటలు పడుతుందో ఎవరైనా చెప్పగలరా? గద్దెలు ఉన్నచోటే ఉన్నాయి, రోడ్డూ అదే, కిలోమీటరు రాళ్ళూ అవే. ఆకాశంలో కూడా ఇట్లాంటి కథే నడుస్తుంది. పైన రద్దీ ఉంటుంది, గాలి ఉంటుంది, పోకూడని చోట్లు ఉంటాయి.

సరే, ముందు దూరం సంగతి తేల్చేద్దాం.

ఈ గ్లోబు ఇక్కడి స్కూలు వాళ్ళను అడిగి తెచ్చాను. దారం మాత్రం మా ఇంట్లోది. ముందు వరసలో ఉన్న అమ్మాయి, ఇంటర్ కదమ్మా నువ్వు? ఇలా రా. ఒక కొస హైదరాబాద్ మీద పెట్టి వేలితో గట్టిగా నొక్కు. రెండో కొస షికాగో మీద పెట్టు. ఇప్పుడు దారాన్ని బిగించు. ఇంకా బిగించు, సిగ్గుపడకు. అందరికీ చూపించు. దారం ఎటు జారింది? పైకి జారింది. రష్యా మీదుగా, మంచు సముద్రం మీదుగా పోయి, కెనడాలోంచి కిందికి దిగింది. గోడ మీద మ్యాప్ చూసి మనమేమనుకుంటాం? అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి పడమరకు నేరుగా గీత గీస్తే అదే దగ్గరి దారి అనుకుంటాం. గోళాన్ని చదును చేసి కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి జాగా సాగిపోతుంది. మన గోడల మీద ఎక్కువగా కనిపించే మెర్కేటర్ మ్యాప్ 1569 నాటి పద్ధతి. అది ఓడలు నడిపేవాళ్ళ కోసం గీసింది. దిక్సూచి పట్టుకుని ఒకే దిక్కున పోతుంటే దారి తిన్నగా కనబడాలని అట్లా గీశారు. దూరాలు చూపించడానికి గీసింది కాదు.

ఈ బిగించిన దారాన్ని గ్రేట్ సర్కిల్ దారి అంటారు. గోళం మీద రెండు చోట్ల మధ్య ఇంతకంటే దగ్గరి దారి లేదు. శంషాబాద్ నుంచి షికాగోకు ఈ దారిన లెక్కవేస్తే సుమారు 13,280 కిలోమీటర్లు. శంషాబాద్‌లో లేచిన విమానం ముక్కు ఎటు తిప్పాలంటే, దాదాపు సరిగ్గా ఉత్తరానికి, కాస్త ఎడమకు. షికాగో పడమరన ఉందని మనమనుకుంటాం, దారి ఉత్తరానికి మొదలవుతుంది! మధ్యలో 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైదాకా పోతుంది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు ఆగకుండా నడిపింది, బోయింగ్ 777 విమానంతో. తర్వాత ఆపేశారు.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో, లండన్ మీదుగానో పోతున్నారు. చుట్టూ తిరిగి పోతున్నారని తల్లిదండ్రులు బాధపడతారు. లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కడి నుంచి షికాగో 11,640, కలిపితే 14,190. నేరుగా పోయేదానికంటే పెరిగింది 900 కిలోమీటర్లే. అంటే గంటా, గంటా పది నిమిషాల ఎగురుడు. లండన్ మీదుగా పోతే? ఇంకో వంద తగ్గి, సుమారు 14,100 వస్తుంది. గోడ మ్యాప్ చూసి ఎవరైనా ఈ మాట చెప్పగలరా? ప్రయాణం ఇరవై రెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు అవుతుందంటే, ఆ పెరిగిన దూరం వల్ల కాదు. మధ్యలో కుర్చీల్లో కూర్చునే గంటల వల్ల. టికెట్ కొనేటప్పుడు చూడాల్సింది మధ్యలో ఆగే టైము.

పిల్లల్లో ఎవరికైనా ఈ లెక్క సొంతంగా వెయ్యాలనుంటే, రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తీసుకుని గోళం మీద దూరం చెప్పే హావర్‌సైన్ సూత్రంలో పెట్టండి. ఇంటర్ ట్రిగొనామెట్రీ చాలు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అని వేసుకోండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. మా పనిలో మాత్రం కిలోమీటర్లు వాడం, నాటికల్ మైళ్ళే. ఒకటి 1,852 మీటర్లు. డిగ్రీని అరవై నిమిషాలు చేస్తే అందులో ఒక నిమిషం దూరమన్నమాట. ఒక వెబ్‌సైట్‌లో ఒక దూరం, ఇంకో దాంట్లో ఇంకో దూరం ఎందుకుంటుందని అడుగుతుంటారు. ఒకరు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తారు, ఇంకొకరు రన్‌వే నుంచి. పైగా భూమి సరిగ్గా గుండ్రంగా లేదు. నడుం దగ్గర వ్యాసార్ధం 6,378, ధ్రువాల దగ్గర 6,357. ఒకరు గుండ్రం అనుకుని వేస్తారు, ఇంకొకరు నొక్కుకుపోయిందని వేస్తారు. నూటికి అర వంతు దాకా తేడా వస్తుంది. దాని గురించి ఇంట్లో కొట్లాడుకోకండి.

భూమి ఆకారం మాటొచ్చింది కాబట్టి చిన్న ముచ్చట. విషయం కొంచెం పక్కకు పోతుంది, ఏమనుకోకండి. ఈ నొక్కుడు ఎంత ఉందో తేల్చడానికి కొలతలు తీసినవాళ్ళు మన వైపు అడవుల్లోనే తిరిగారు. లాంబ్టన్ అనే ఆయన 1802లో మద్రాసులో కొలతలు మొదలుపెట్టి, 78వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి వస్తూ నిజాం రాజ్యంలోకి వచ్చాడు. థియోడలైట్ అని కోణాలు కొలిచే పరికరం, అర టన్ను బరువున్నదాన్ని మోయించుకుంటూ గుట్టలెక్కించాడు. ఎవరెస్ట్ శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌లో ఆయన దగ్గర పనిలో చేరి, 1819లో కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో సర్వే చేశాడు. అక్కడ జ్వరం ఎంత గట్టిగా పట్టుకుందంటే, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కొసకు పంపించాల్సి వచ్చింది. ఇప్పుడు మన ఫోన్ అరక్షణంలో చెప్పే దూరం వెనక అట్లాంటి జ్వరాలు కూడా ఉన్నాయి. సరే, మళ్ళీ విమానం దగ్గరికి వద్దాం.

గాలి చేసే లెక్క

విమానం స్పీడ్ ఎంత? ఏ320 లాంటి జెట్ విమానం పైన గంటకు 830 కిలోమీటర్లు పోతుందంటారు. దేనితో పోలిస్తే 830? గాలితో పోలిస్తే. నేలతో కాదు. ఆ గాలే ముందుకు పోతుంటే విమానం దాంతోపాటు ఇంకా ముందుకు పోతుంది. గాలి ఎదురొస్తే అంత మేర వెనకబడుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని ఒక గాలి పడమర నుంచి తూర్పుకు పారుతుంటుంది. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. మన దగ్గర చలికాలంలో ఇది ఉత్తర భారతం మీదికి దిగుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను గాలి తోడై, న్యూయార్క్ నుంచి లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద లెక్కిస్తే అప్పుడు దాని స్పీడు గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. మామూలుగా ఆ దారికి ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది.

అయితే పోయేటప్పుడు గాలి లాక్కున్నది వచ్చేటప్పుడు తిరిగి ఇస్తుంది, చెల్లుకు చెల్లు అనుకుంటారు. అవుతుందా? లెక్క వేద్దాం. నోట్‌బుక్ ఉన్నవాళ్ళు రాసుకోండి. దూరం 2,400 కిలోమీటర్లు, విమానం స్పీడు 800. గాలి లేకపోతే పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు, మొత్తం ఆరు. ఇప్పుడు 200 గాలి పెట్టండి. వెనక నుంచి తోస్తే వెయ్యి అవుతుంది, అంటే 2 గంటల 24 నిమిషాలు. ఎదురొస్తే 600 అవుతుంది, అంటే నాలుగు గంటలు. మొత్తం ఎంత? 6 గంటల 24 నిమిషాలు. ఆ 24 నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువ సేపు ఉంటాం. అదీ కిటుకు. గాలి ఎప్పుడూ పూర్తి బాకీ తీర్చదు. ఈ ఒక్క లెక్క అర్థమైతే, సగటు స్పీడుతో దూరాన్ని భాగించడం ఎందుకు పనికిరాదో తెలిసిపోతుంది.

ఇంకొకటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా మొదట పడమరగా, అట్లాంటిక్ మీదుగా పోయేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పారు, చైనా, జపాన్ దాటి పసిఫిక్ మీదుగా. దూరం 15,300 అయింది. అంటే 1,400 పెరిగింది. టైము? రెండు గంటల దాకా తగ్గింది! పద్నాలుగున్నర గంటల్లో దించారు. దారంతా గాలి వెనక నుంచి తోసింది. ఎక్కువ దూరం పోయి తక్కువ టైములో చేరారు. కిలోమీటర్లు చూసి దారి ఎంచేవాడైతే ఈ పని చేసేవాడా?

దుబాయ్ సంగతి కూడా ఇంతే. మన వాళ్ళు శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్ పోయేటప్పుడు మూడు గంటల నలభై, నాలుగు గంటలు. వచ్చేటప్పుడు పావుగంటో, అరగంటో తక్కువ. ఇంటికి రావాలన్న తొందరలో పైలట్ గట్టిగా తోలాడని ఒకాయన నాతో అన్నాడు. తోలలేదు బాబూ, గాలి తోసింది.

టికెట్ మీద టైము ఎట్లా వస్తుంది

హైదరాబాద్ నుంచి ఢిల్లీ తిన్నగా 1,270 కిలోమీటర్లు. 830తో భాగిస్తే గంటన్నర. టికెట్ మీద చూడండి, రెండు గంటల పదో, రెండుంపావో ఉంటుంది. ఆ ముప్పావు గంట ఎవరు తిన్నారు?

మా లెక్కలో దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. ఆగి ఉన్న విమానం చక్రాల ముందూ వెనకా చెక్కవో రబ్బరువో అడ్డుముక్కలు పెడతారు, చాక్స్ అంటారు. అవి తీసిన నిమిషం నుంచి, అక్కడ దిగాక మళ్ళీ పెట్టిన నిమిషం దాకా. అంటే ఎగరడం ఒక్కటే కాదు. వెనక్కి నెట్టాలి, ఇంజన్లు స్టార్ట్ చెయ్యాలి, రన్‌వే దాకా దొర్లాలి, లైన్లో నిలబడాలి. లేచాక వెంటనే 830 రాదు. పదివేల అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదని రూలు ఉంటుంది. పూర్తి ఎత్తుకు చేరడానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. దిగేటప్పుడు మళ్ళీ అంతే. ఢిల్లీ లాంటి చోట దిగేముందు కాసేపు చుట్టూ తిప్పుతారు, లేదా దారి పొడుగు చేసి తీసుకొస్తారు. పొగమంచు రోజుల్లో చెప్పనే అక్కర్లేదు. వీటన్నిటి మీద కంపెనీ ఇంకో పది నిమిషాలు చేర్చుకుంటుంది. ఎందుకంటే పదిహేను నిమిషాల లోపు ఆలస్యమైతే టైముకు వచ్చినట్టే లెక్క. ముందే ఎక్కువ రాసుకుంటే టైముకు వచ్చిన పేరొస్తుంది. ‘మనం ఇరవై నిమిషాలు ముందుగా దిగాం’ అని పైలట్ చెప్తే అందరూ సంబరపడతారు కదా. ఆ ఇరవై నిమిషాలు మొదట మీ దగ్గర తీసుకున్నవే!

అందుకే దగ్గరి ఊళ్ళకు విమానం లెక్క చాలా విచిత్రంగా ఉంటుంది. శంషాబాద్ నుంచి విజయవాడ గన్నవరం తిన్నగా 264 కిలోమీటర్లు. తిరుపతి 420. దూరం ఒకటిన్నర రెట్లకు పైనే. టైము? విజయవాడకు గంట రాస్తారు, తిరుపతికి గంటా పది, గంటా పదిహేను. కొత్తగా వచ్చిన 156 కిలోమీటర్లకు పావుగంటే. మొదటి గంటలో చాలా భాగం లేవడానికి, దిగడానికి పోయింది. కాబట్టి దూరం పెరిగే కొద్దీ విమానానికి విలువ పెరుగుతుంది, దగ్గరైతే రైలే మేలు. ఇది నా అభిప్రాయం, ఎయిర్‌లైన్ వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

ఇక తిన్నగా పోతుందా అంటే, పోదు. పైన కూడా దారులున్నాయి. ఆ దారుల్లో మలుపులకు అయిదేసి ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెట్టి ఉంటాయి. అర్థం లేని పేర్లే ఎక్కువ, పలకడానికి వీలుంటే చాలు. మిలిటరీ వాళ్ళ ఆకాశం ఉంటుంది, అందులోకి పోకూడదు. వానాకాలంలో క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బులు కనబడితే పక్కకు తిప్పుకోవాలి. దేశాల మధ్య తగాదాలు ఒకటి. 2019లో కొన్ని నెలలు, మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు పోయేవి గుజరాత్ వైపు దిగి సముద్రం మీదుగా చుట్టి పోవాల్సి వచ్చింది. మన హైదరాబాద్ నుంచి దుబాయ్ పోయేవాటికి పెద్ద తేడా రాలేదు, ఎట్లాగూ అరేబియా సముద్రం మీదుగానే పోతాయి కాబట్టి.

ఇవన్నీ ప్రతి విమానానికీ, ప్రతి రోజూ కొత్తగా లెక్కవేస్తాం. నిన్నటి ఫ్లైట్ ప్లాన్ ఇవాళ పనికిరాదు. ఇంధనం కూడా అంతే. దారికి పట్టేది, దాని మీద నూటికి అయిదు, ఆ ఊళ్ళో దిగలేకపోతే పక్క ఊరికి పోవడానికి, అక్కడ కూడా అరగంట తిరగడానికి. అన్నీ కలిపి పోస్తాం. ట్యాంకు నింపేస్తే పోదా అంటారు. బరువు పెరుగుతుంది, ఆ బరువు మొయ్యడానికే ఇంకొంత కాలుతుంది.

గడియారం చేసే మోసం

ఇప్పుడు చెప్పేది గల్ఫ్‌లో అయినవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు శ్రద్ధగా వినండి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇల్లు విడిచి ఇల్లు ఉంటారు కదా.

టికెట్ మీద రాసే టైము ఎప్పుడూ ఆయా ఊరి టైమే. పొద్దున 10 గంటలకు హైదరాబాద్‌లో లేస్తుంది, దుబాయ్‌లో 12:15కు దిగుతుందని ఉంటుంది. రెండుంపావు గంటలే! అనుకుంటారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. కలపండి, మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. తిరుగు ప్రయాణం రాత్రి 10కి లేచి మనకు తెల్లవారుజామున 3కి దిగుతుందని ఉంటే అయిదు గంటలు కాదు, మూడున్నరే. దుబాయ్, మస్కట్ అయితే గంటన్నర తేడా. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ అయితే రెండున్నర. ఇంత గుర్తుపెట్టుకుంటే చాలు. షికాగోకు చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర. వాళ్ళు మార్చిలోనూ నవంబరులోనూ గడియారాలు తిప్పుకుంటారు, మనం తిప్పుకోం.

అన్నిటికంటే ప్రమాదం అర్ధరాత్రి ఫ్లైట్. టికెట్ మీద 12వ తేదీ, 00:30 అని ఉంటుంది. 12వ తేదీ రాత్రి కదా అని ఆ రోజు మధ్యాహ్నం జగిత్యాలలో మెల్లగా భోజనం చేసి బయల్దేరుతారు. విమానం ముందు రోజు రాత్రే పోయింది! 11వ తేదీ రాత్రి తొమ్మిదికల్లా శంషాబాద్‌లో ఉండాలి, అంటే జగిత్యాల నుంచి 11 మధ్యాహ్నం మూడు దాటకుండా కదలాలి. ఇట్లా టికెట్ పోగొట్టుకుని, వీసా గడువు దగ్గరపడి, మళ్ళీ అప్పు చేసి టికెట్ కొన్నవాళ్ళు ఉన్నారు. అందుకే మీ ఇంట్లో ఎవరు పోతున్నా, టికెట్ మీద తేదీ పక్కన పెన్నుతో రాయండి: ‘ఇంట్లోంచి 11న, మధ్యాహ్నం’ అని. ఇంతకు మించిన టెక్నాలజీ అక్కర్లేదు.

ప్రశ్నలు

ఇక మీరు అడగండి. ఆ, తమ్ముడు అడుగుతున్నాడు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, విమానం పైకి లేచి ఊరికే ఉంటే దుబాయే కిందికి రావాలి కదా అంటున్నాడు. మంచి ప్రశ్న, నవ్వకండి. హనుమకొండ దగ్గర నేల గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల స్పీడుతో తూర్పుకు పోతోంది. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. గాలి తిరగకుండా నిలబడి ఉంటే, మనకు ఇప్పుడు తూర్పు నుంచి గంటకు 1,590 కిలోమీటర్ల ఈదురుగాలి కొట్టాలి. వేయి స్తంభాల గుడిలో ఒక్క స్తంభం మిగిలేదా? విమానం ఈదేది ఆ గాలిలోనే. రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడే దానికి ఆ స్పీడు ఉంది, లేచినంత మాత్రాన పోదు. తేడా తెచ్చేది ఇందాక చెప్పిన జెట్ స్ట్రీమ్. ఆ గాలి పుట్టడంలో మాత్రం భూమి తిరుగుడుకు పాత్ర ఉంది, కాబట్టి నీ అనుమానం పూర్తిగా వృథా కాదు.

ఇంకెవరు? అమ్మా, మీరు మన మామునూరు విమానాశ్రయం సంగతి అడిగారు. ఇవాళ ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు.

మామునూరు నిజాం కాలం నాటిది, 1981 దాకా వాడారు. తర్వాత మళ్ళీ ఎందుకు ఇన్నాళ్ళు కదల్లేదో మాట్లాడేటప్పుడు ఇవాళ్టి విషయమే అడ్డొస్తుంది. శంషాబాద్ కట్టేటప్పుడు 2004లో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. శంషాబాద్ తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ళ దాకా, 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదు. 150 కిలోమీటర్లు దేని మీద? రోడ్డు మీద కాదు, ఆకాశ మార్గంలో. మనకు రోడ్డు మీద శంషాబాద్ 150 దాటుతుంది. తిన్నగా దారం పట్టి లెక్కవేస్తే? మామునూరు రన్‌వే నుంచి శంషాబాద్ రన్‌వేకు 145 కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్ల తేడాతో లోపల పడ్డాం! నర్సంపేట వైపు ఇంకాస్త జరిగి ఉంటే షరతే వర్తించేది కాదు. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ రన్‌వే తిన్నగా 190 కిలోమీటర్లు, దానికి ఈ పేచీ లేదు. చివరికి శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. భూమి ఇవ్వాల్సిన రైతుల బాధ వేరే పెద్ద చర్చ, ఒక్క మాటలో తేల్చి పారేయడం నాకిష్టం లేదు.

వస్తే మనకు ఎంత టైము మిగులుతుందనేది మీ ప్రశ్న. మామునూరు నుంచి హైదరాబాద్‌కు విమానం అడిగేవాళ్ళున్నారు. దండగ. 145 కిలోమీటర్లకు బ్లాక్ టైమ్ ముప్పావు గంట రాస్తారు, ముందు గంటా గంటన్నర చెకిన్, అక్కడ దిగాక బయటికి రావడానికి అరగంట. ఈలోపు కాజీపేటలో రైలెక్కినవాళ్ళు సికింద్రాబాద్‌లో దిగి చాయ్ తాగుతుంటారు. తిరుపతి వేరు. మామునూరు, తిరుపతి రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, ఒకటి 79.60, ఒకటి 79.54. ముక్కు సూటిగా దక్షిణానికి తిప్పితే చాలు, 476 కిలోమీటర్లు. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకు 500 పోతుంది, ఎక్కడం దిగడం కలిపి గంటా ఇరవై అనుకోండి. ఇంట్లోంచి గుడి కింది దాకా నాలుగు గంటలు. ఇప్పుడు సాయంత్రం రైలెక్కితే తెల్లారుతుంది. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు కూడా అంతే. అసలు మిగిలేది ఆకాశంలో కాదు, హనుమకొండ నుంచి శంషాబాద్ దాకా రోడ్డు మీద పోయే మూడు, మూడున్నర గంటలు.

దుబాయ్‌కి ఇక్కడి నుంచే పోవచ్చా అని ఎవరో అంటున్నారు. ఏ320 లాంటివి నిండుగా ఇంధనం పోసుకుని, మన మే నెల ఎండలో లేవాలంటే రన్‌వే పొడుగు కావాలి. వేడికి గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంకా ఎక్కువ దూరం పరిగెత్తితే గాని లేవదు. ఇప్పుడున్న రన్‌వే ఏటీఆర్‌కు సరిపోతుంది, గల్ఫ్‌కు చాలదు. పొడిగించాక కూడా కస్టమ్స్, ఇమిగ్రేషన్ కావాలి. కాబట్టి మొదట దేశం లోపలి ఊళ్ళే.

హాలు వాళ్ళు ఖాళీ చెయ్యమని సైగ చేస్తున్నారు. గ్లోబు ఇక్కడే ఉంటుంది, దారం కూడా. మీ పిల్లలున్న ఊరికి కొలుచుకుని చూసి పోండి. ఇంకా ఏమన్నా అడగాలంటే బయట మెట్ల దగ్గర ఉంటాను.